యూనివర్సిటీ వేదిక మీద కలవరపెట్టే నాటకం వేయాలంటే

సమకాలీన నాటకాల్లో హింస, లైంగికత, బూతు, ఆత్మహత్య, ఒక వర్గం మీద కక్కే ద్వేషం ఇప్పుడు తెరచాటున ఉండడం లేదు. నేరుగా వేదిక మీదికే వస్తున్నాయి. వాటిని ఆడే ధైర్యం విద్యార్థి బృందాల్లో దండిగా ఉంటుంది. కొరవడేది కొలత. చెయ్యి చెంపకు ఎంత దూరంలో ఆగాలి, లైటు ఎన్ని సెకన్లలో ఆరాలి, "ఇది నేను చేయలేను" అన్న మాట నటి ఎవరితో చెప్పుకోవాలి, ప్రదర్శన మధ్యలో ఎవరైనా వేదిక ఎక్కితే ఎవరు ఆపాలి? ఇవి ముందే తేలకపోతే ప్రేక్షకుడికి తగలాల్సిన దెబ్బ నటులకు తగులుతుంది.

ఎంపిక, హక్కులు, అనుమతి

స్క్రిప్టు చదివాక దర్శకుడు ఒక పేజీ రాసుకోవాలి. చూసేవాళ్లను ఇబ్బంది పెట్టే సన్నివేశాలు ఏవి, ఒక్కోదానివల్ల కథలో ఏం మారుతుంది అన్నవి అందులో ఉండాలి. ఒక సన్నివేశాన్ని తీసేసినా నాటకం అలాగే నిలబడుతుందనిపిస్తే, ఈ నాటకాన్నే ఎందుకు ఎంచుకున్నారో మరోసారి ఆలోచించండి. ఈ పేజీ తర్వాత యాజమాన్యం ముందు, నటుల ఎంపికలో, ప్రదర్శన అనంతర చర్చలో పనికొస్తుంది.

నచ్చని సన్నివేశాన్ని మీకు మీరే కత్తిరించే వీలు మాత్రం లేదు. కాపీరైట్ గడువు తీరని నాటకానికి రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి.  అనువాదం వేస్తుంటే మూల రచయితతోపాటు అనువాదకుణ్ణీ అడగాలి. మగ పాత్రను ఆడ పాత్రగా మార్చడం, బూతులు తగ్గించడం, ముగింపు మార్చడం, వీడియో తీసి నెట్‌లో పెట్టడం, ఇవన్నీ విడివిడిగా అడగాల్సిన సంగతులు. జవాబుకు వారాలు పట్టవచ్చు కనుక ప్రదర్శనకు 4 నెలల ముందే ఉత్తరం వెళ్లాలి.

యాజమాన్యానికి సారాంశం సరిపోదు, పూర్తి స్క్రిప్టు ఇవ్వండి. దానితోపాటు ఒక పట్టిక జతచేయండి: ఆయుధాలు, పొగ, రక్తం, మిణుకు లైట్లు (వేగంగా వెలిగి ఆరేవి), సన్నిహిత సన్నివేశాలు (ముద్దు, శరీర స్పర్శ లాంటివి), బూతులు, వీటిలో మీ నాటకంలో ఏవి ఉన్నాయి, ఒక్కోదానికి మీరు తీసుకునే జాగ్రత్త ఏమిటి, బాధ్యుడు ఎవరు. దాచిపెట్టి అనుమతి తెచ్చుకున్న నాటకం సెట్టు వేశాక, పోస్టర్లు అంటించాక, ప్రదర్శనకు రెండు రోజుల ముందు ఆగిపోతుంది. అప్పటికి డబ్బూ పోతుంది, నటుల రెండు నెలల శ్రమా పోతుంది. నాటకం ఒక వర్గం బాధను చూపిస్తుంటే, ఆ వర్గానికి చెందినవాళ్లతో కూర్చోవడం నటుల్ని ఎంచుకోకముందే జరగాలి. పోస్టరు పడ్డాక పిలిస్తే అది సంప్రదింపు అనిపించుకోదు.

నటుల ఎంపిక

ఆడిషన్ ప్రకటనలోనే పాత్రకు ఏం అవసరమో రాయాలి. "ధైర్యమైన పాత్ర" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "రెండో అంకంలో ముద్దు ఉంది, మూడో అంకంలో ఈ పాత్ర గొంతు నులుముతారు" అని రాయండి. వచ్చినవాళ్లకు ఒక ఫారం ఇవ్వండి. ముద్దు, శరీర స్పర్శ, బట్టలు విప్పడం, కొట్టడం, దెబ్బలు తినడం, ద్వేషపూరిత మాటలు పలకడం లేదా పడడం, ఒక్కోదాని ఎదుట మూడు గళ్లు: సరే, వద్దు, మాట్లాడాక చెబుతాను. సన్నిహిత సన్నివేశాన్ని ఆడిషన్‌లో చేయించవద్దు. 18 ఏళ్లు నిండనివాళ్లను అలాంటి పాత్రలకు తీసుకోవద్దు.

యూనివర్సిటీ నాటకానికి ఉన్న ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. దర్శకుడు చాలాసార్లు మార్కులు వేసే అధ్యాపకుడు, కాకుంటే పలుకుబడి ఉన్న సీనియర్. అతని ముఖం మీద "వద్దు" అనడం విద్యార్థికి దాదాపు అసాధ్యం. అందుకే ఆ ఫారాలు తీసుకునేవాళ్లు, నటులు ఇబ్బంది చెప్పుకునేవాళ్లు దర్శకుడు కాకుండా మరొకరై ఉండాలి. ఒకసారి సరే అన్న నటుడు నాలుగో వారంలో వద్దనవచ్చు. దానికి కారణం అడగకూడదు. ఆ రోజు కోసం ప్రతి కష్టమైన సన్నివేశానికీ రెండో రూపం సిద్ధంగా ఉంచుకోవాలి: లైటు ముందే ఆరడం, నీడ మాత్రమే కనిపించడం, శబ్దం వింగ్ (వేదిక పక్కన తెరచాటు చోటు) లోపలి నుంచి రావడం. తరచుగా ఈ రెండో రూపమే మొదటిదానికన్నా గట్టిగా పనిచేస్తుంది.

రిహార్సళ్ల లెక్క

8 వారాలు, వారానికి 5 రోజులు, రోజుకు 3 గంటలు పెట్టుకుంటే 120 గంటలు వస్తాయి. క్యాలెండర్‌లో ముందుగా పరీక్షల తేదీలు గుర్తించి, ఆ తర్వాత మిగిలినవి వేయండి. మొదటి వారం కూర్చుని చదువుకోవడం. రెండో వారం నుంచి కదలికలు. కష్టమైన సన్నివేశాలు మూడో వారంలో మొదలవ్వాలి. అంతకంటే ముందు నటుల మధ్య నమ్మకం కుదరదు. బిడియం కొద్దీ చివరి వారానికి తోసేస్తే చేతులకు అలవాటు కాదు, ప్రదర్శన రోజు ఊపులో ఎవరికి తోచింది వాళ్లు చేస్తారు. దెబ్బలు తగిలేది అప్పుడే. ఆరో వారానికి పుస్తకం చేతిలో లేకుండా మొత్తం నాటకం ఆడగలగాలి. ఏడో వారం లైట్లు, శబ్దాలు. ఎనిమిదో వారం పూర్తి దుస్తులు, మేకప్‌తో చేసే డ్రెస్ రిహార్సళ్లు, ప్రదర్శన.

రిహార్సల్‌ను ఆపడానికి అందరికీ ఒకే మాట ఉండాలి. "ఆపు", "వద్దు" పనికిరావు, ఎందుకంటే ఇలాంటి నాటకాల్లో పాత్రలే ఆ మాటలు అరుస్తుంటాయి. స్క్రిప్టులో ఎక్కడా లేని మాట ఎంచుకోండి. "హోల్డ్" అనేది వాడుకలో ఉన్న మాటే. ఎవరు అన్నా, ఏ కారణంతో అన్నా అందరూ ఉన్నచోటే ఆగాలి.

సన్నిహిత సన్నివేశాలు

"మీరిద్దరూ మాట్లాడుకుని చూపించండి" అని దర్శకుడు తప్పుకుంటే సన్నివేశం రోజుకో రకంగా మారుతుంది. దాన్ని నృత్యంలా కూర్చాలి. ముందు మాటల్లో అనుకోవడం, తర్వాత ఇద్దరూ తమ శరీరంలో తాకకూడని చోట్లు చెప్పుకోవడం, ఆ తర్వాత లెక్కల మీద కదలిక. "కుడి చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా 4 లెక్కలు. ఆగడం 2 లెక్కలు. ఆమె తల తిప్పుతుంది" అని, తెరవెనక నుంచి ప్రదర్శనను నడిపే స్టేజ్ మేనేజర్ తన పుస్తకంలో రాసుకోవాలి. కదలిక స్థిరపడ్డాకే చూపు, ఊపిరి, సంభాషణ కలపాలి. భావంతో మొదలుపెడితే కొలత నిలవదు. ఈ రిహార్సళ్లలో గదిలో దర్శకుడు, స్టేజ్ మేనేజర్, ఆ నటులు మాత్రమే ఉండాలి, అందరి ఫోన్లూ బయటే. ఇలాంటి సన్నివేశాలను కూర్చడంలో శిక్షణ పొందిన ఇంటిమసీ డైరెక్టర్ దొరికితే పిలవండి. ఒకసారి ఖాయం చేసిన కదలికను ఇద్దరు నటులూ స్టేజ్ మేనేజరూ కలిసి కూర్చుంటే తప్ప మార్చకూడదు. బట్టలు తీసే సన్నివేశమైతే చివరి రిహార్సళ్ల దాకా పూర్తి దుస్తుల్లోనే చేయండి. వింగ్‌లో దుప్పటి పట్టుకుని ఒకరు సిద్ధంగా నిలబడాలి.

కొట్లాట, రక్తం, పొగ

చెంపదెబ్బ నిజంగా కొట్టకూడదు, ఇద్దరూ ఒప్పుకున్నా సరే. అరచెయ్యి చెవి మీద పడితే కర్ణభేరి చిట్లవచ్చు. సరైన పద్ధతి ఇది: కొట్టేవాడు చెయ్యి పూర్తిగా చాచినా అవతలి ముఖానికి జానెడు దూరం మిగలాలి. ఇద్దరిలో ఒకరి వీపు ప్రేక్షకుల వైపు ఉంటే ఆ ఖాళీ కనిపించదు. ముందు కళ్లు కలవాలి, తర్వాత చెయ్యి లేవాలి, ఆపైనే దెబ్బ. చప్పుడు దెబ్బ తినేవాళ్లే ప్రేక్షకులకు కనిపించని చోట చేతులు చరిచి చేస్తారు. గొంతు నులిమేటప్పుడు చేతులు గొంతు మీద కాక దాని కింద కాలర్ ఎముకల మీద ఉండాలి. బాధితురాలు అతని మణికట్లు పట్టుకుని విడిపించుకుంటున్నట్టు కనిపిస్తూ, నిజానికి ఆ చేతుల్ని తన వైపే లాక్కుంటూ ఉంటుంది. జుట్టు పట్టి లాగడం కూడా అంతే: మూసిన పిడికిలి తల మీద ఆనుతుంది, కదలికంతా లాగబడే మనిషిది. ఏ కొట్లాటలోనైనా అదుపు బాధితుడి చేతిలో ఉండాలి.

నాలుగో వంతు వేగంతో మొదలుపెట్టి, సగానికి, ముప్పావుకు పెంచి అక్కడ ఆపేయండి. పూర్తి వేగంలో జరిగింది ప్రేక్షకుడి కంటికి అందదు, ముప్పావు వేగమే నిజంలా కనిపిస్తుంది. ప్రతి ప్రదర్శనకూ ముందు, ప్రేక్షకులను లోపలికి వదలక మునుపే, ప్రతి కొట్లాటనూ రెండుసార్లు నడపాలి, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి ప్రదర్శన వేగంతో. నిన్న బాగా వచ్చిందని ఇవాళ వదిలేయవద్దు.

తుపాకీకి బొమ్మ సరిపోతుంది. పేలుడు సెట్టు వెనక పెట్టిన స్పీకరు నుంచి రావాలి. శబ్దం మాత్రమే వచ్చే బ్లాంకు గుళ్లు కూడా దగ్గర్లో ఉన్న మనిషిని చంపగలవు, వాటి జోలికి పోవద్దు. గురి ఎప్పుడూ ఎదుటి నటుడి పక్కకు. ఆ బొమ్మను తాళంలో పెట్టేది, ఇచ్చేది, తీసుకునేది ఒకే మనిషి. సెక్యూరిటీకి ముందే చెప్పాలి, హాలు బయటికి దాన్ని తీసుకుపోకూడదు.

రక్తానికి చిక్కటి చక్కెర పాకం, ఆహారంలో వాడే ఎరుపు రంగు, నలుపు తిరగడానికి చిటికెడు కోకో. బట్టకు మాత్రమే పూసేదైతే కాస్త గిన్నెల సబ్బు ద్రవం కలిపితే ఉతికినప్పుడు తేలిగ్గా వదులుతుంది. నోట్లో పెట్టుకునేదానిలో సబ్బు కలపకూడదు. రెండు సీసాలకూ వేర్వేరు చీటీలు అంటించండి, వేర్వేరు అరల్లో పెట్టండి. నటుల అలర్జీలు అడగండి. రంగు ఆ దుస్తుల బట్ట మీద ముందే పరీక్షించండి. మరకలు పడే దుస్తులు కనీసం రెండు జతలు ఉండాలి. పాకం నేల మీద పడితే జారుతుంది, తర్వాతి సన్నివేశానికి ముందే తుడిచేవాళ్లెవరో కదలికల్లోనే రాసుకోండి.

మిణుకు లైట్లు సెకనుకు 3 సార్లకు మించితే ఫొటోసెన్సిటివ్ మూర్ఛ (మెరిసే వెలుగు చూస్తే వచ్చేది) ఉన్నవాళ్లకు ప్రమాదం. అంతకన్నా నెమ్మదిగా, కొద్ది సెకన్లే వాడండి. పొగ యంత్రం పెడుతుంటే భవనం అగ్నిమాపక బాధ్యుణ్ణి కలవండి. పొగను పసిగట్టే డిటెక్టర్ మోగకుండా దాని మీద సంచి చుట్టడం చాలాచోట్ల జరిగే నేరంలాంటి పని. పూర్తి చీకటిలోనూ బయటికి దారి చూపే దీపాలు వెలుగుతూనే ఉండాలి. వేదిక అంచుకు మెరిసే టేపు వేయండి.

ప్రేక్షకులకు ఏం చెప్పాలి

"ఈ నాటకం మిమ్మల్ని నిద్రపోనివ్వదు" అన్నది ప్రచారం. హెచ్చరిక ఇలా ఉంటుంది: "ఈ నాటకంలో లైంగిక హింస గురించిన సంభాషణలు, వేదిక మీద ఒక కొట్లాట, పెద్ద పేలుడు శబ్దం, మిణుకు లైట్లు ఉన్నాయి. నిడివి 95 నిమిషాలు, విరామం లేదు." విశేషణాలు వద్దు. టికెట్ పేజీలో, పోస్టరు అడుగున, హాలు తలుపు దగ్గర, మూడు చోట్లా ఇదే వాక్యం. అది ఏ సన్నివేశంలో, ఎన్నో నిమిషంలో అన్న వివరం విడి కాగితంలో, అడిగినవాళ్లకు మాత్రం. కథ బయటపడుతుందని దర్శకులు భయపడతారు గానీ, ముందే తెలిసిన ప్రేక్షకుడు చూడాలో వద్దో తానే తేల్చుకోగలడు.

లేచి వెళ్లిపోవడం ప్రేక్షకుడి హక్కు. వేదిక ముందు నుంచి నడవకుండా బయటపడే దారి ఉండాలి, నడవ పక్క కుర్చీలు కొన్ని అడిగినవాళ్లకు కేటాయించాలి. బయటికొచ్చినవాళ్లను ఎవరూ కారణం అడగకూడదు. మంచినీళ్లు, కూర్చోడానికి చోటు, యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెల్ నంబరు ఉంటే చాలు. ప్రేక్షకుణ్ణి తాకడం, తలుపు వేసేయడం, చెప్పకుండా వేదిక మీదికి లాగడం చేయకండి.

ప్రదర్శన నడుస్తుండగా

కొట్లాటలో నవ్వు వినిపిస్తుంది. హాల్లో నటుల స్నేహితులే ఎక్కువ కాబట్టి తప్పదు, చాలావరకు అది కంగారు నవ్వు. దాన్ని జయించాలని గొంతు పెంచితే ఇంకా నవ్వుతారు. రెండు లెక్కలు ఎక్కువ మౌనం పట్టుకుంటే దానంతటదే చచ్చిపోతుంది. దీన్ని నటులకు ముందే చెప్పి, రిహార్సల్‌లో ఎవరినైనా కూర్చోబెట్టి నవ్వించి సాధన చేయించండి.

అరుపులు, నినాదాలు వస్తే నాటకం సాగనివ్వండి. ఎవరైనా వేదిక ఎక్కినా, వస్తువు విసిరినా స్టేజ్ మేనేజర్ హాలు లైట్లు పూర్తిగా వేయించాలి, నటులు ముందే అనుకున్న వింగ్‌లోకి వెళ్లాలి, మైకులో ముందే రాసిపెట్టిన మూడు వాక్యాలు చదవాలి. ఆపే అధికారం దర్శకుడికి ఇవ్వవద్దు, అతను ఆపడు. ఈ వరుసను డ్రెస్ రిహార్సల్‌లో ఒక్కసారైనా నడపండి. ఫోన్ల విషయంలో విజ్ఞప్తి సరిపోదు: సన్నిహిత సన్నివేశం ఉన్న రోజు తలుపు దగ్గరే కెమెరా మీద చిన్న స్టిక్కరు అంటించి పంపండి. 20 సెకన్ల ముక్క ఒకటి బయటికి పోతే దాని భారం మోసేది ఆ నటే.

తెర పడ్డాక

మేకప్ తీయకముందే నటులు 10 నిమిషాలు గుండ్రంగా నిలబడాలి. కొట్టిన, కొట్టించుకున్న ఇద్దరూ పాత్రల పేర్లతో కాక సొంత పేర్లతో పలకరించుకోవాలి. ఆ రోజు కదలిక తప్పిన చోటు ఉంటే అప్పుడే స్టేజ్ మేనేజర్‌కు చెప్పాలి.

చర్చ పెడుతుంటే 10 నిమిషాల విరామం ఇచ్చి, అరగంటలో ముగించండి. నడిపేది దర్శకుడు కాకూడదు. "నచ్చిందా" అని మొదలుపెడితే గొడవ అక్కడే మొదలవుతుంది. "ఏం చూశారు, ఏ క్షణంలో చూపు తిప్పుకున్నారు" అని అడగండి. నటులు రావడం వాళ్ల ఇష్టం, వాళ్ల సొంత జీవితం మీద ప్రశ్నలు వస్తే నిర్వాహకుడు తోసిపుచ్చాలి.

చివరి ప్రదర్శన అయ్యాక ఫొటోలను ముందు నటులకు చూపించి, వాళ్లు ఒప్పుకున్నవే బయటపెట్టండి. ఆడిషన్‌లో నింపిన ఫారాలను దర్శకుడి బీరువాలో వదలకుండా ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేయండి.