పాత ఫోర్ వీల్ డ్రైవ్ ముందు యాక్సిల్ క్రాస్: అరుగుదల కనిపెట్టడం, మార్చడం

ముందు చక్రం దగ్గర పిచ్చుక అరిచినట్టు కిచకిచ మొదలైతే చాలామంది ముందు బ్రేకులు విప్పుతారు, తర్వాత వీల్ బేరింగ్ మారుస్తారు. చప్పుడు మాత్రం పోదు. సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్) ఉన్న పాత బండ్లలో ఆ చప్పుడు చాలాసార్లు స్టీరింగ్ నకిల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం) లోపల దాగి ఉండే యూనివర్సల్ జాయింట్‌ది. మెకానిక్కుల మాటలో క్రాస్: రెండు షాఫ్టులను వంగేలా కలిపే, నాలుగు కాళ్లకూ కప్పులుండే కూడిక గుర్తు ఆకారపు ముక్క. ఇక్కడ ఇచ్చిన అంకెలు 1984 నుంచి 2001 దాకా వచ్చిన జీప్ చెరోకీ ఎక్స్‌జే, 1997 నుంచి 2006 దాకా వచ్చిన రాంగ్లర్ టీజేల కింద ఉండే డానా 30 ముందు యాక్సిల్‌వి. వేరే బండికీ పని వరస దాదాపు ఇదే, టార్క్ అంకెలు మాత్రం ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లోవే వాడాలి.

ఎందుకు అరుగుతుంది

ఈ క్రాస్ ఎక్కువ కదిలి పాడవ్వడం కన్నా తక్కువ కదిలి పాడవ్వడమే ఎక్కువ. బండి తిన్నగా పోతున్నప్పుడు లోపలి షాఫ్టూ బయటి షాఫ్టూ దాదాపు ఒకే గీతలో ఉంటాయి. కప్పుల్లోని సూదుల్లాంటి నీడిల్ రోలర్లు దొర్లవు, ఉన్నచోటే కూర్చుని దెబ్బలు తింటాయి. వాటి కింది గ్రీజు పక్కకు తప్పుకుంటుంది, సీలు దాటి నీరు చేరుతుంది, తుప్పు పడుతుంది. రోలర్లు క్రాస్ కాళ్ల మీద గాట్లు పెడతాయి. ఆ తర్వాత స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ రోలర్లు ఆ గాట్ల మీదుగా ఎక్కి దిగుతాయి. కప్పు అంచున ఇటుకరంగు పొడి కనిపిస్తే లోపల గ్రీజు అయిపోయినట్టే. నెలల తరబడి కదలకుండా నిలిపిన బండ్లలో ఇది మరీ త్వరగా వస్తుంది.

చప్పుడు ఎక్కడిదో తేల్చుకోవడం

ఖాళీ స్థలంలో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో బండి నడిపించి, మరొకరు పక్కన కాస్త ఎడంగా నడుస్తూ చప్పుడు లెక్కపెట్టాలి. టైరు చుట్టుకొలత 2.3 మీటర్లు అనుకుంటే ఆ వేగంలో చక్రం సెకనుకు సుమారు 1.2 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ (యాక్సిల్‌లోని గేరు పెట్టె) రేషియో 3.55 అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (దానికి శక్తి తెచ్చే పొడవాటి షాఫ్టు) 4 చుట్లకు పైగా తిరుగుతుంది. చక్రం ఒక చుట్టుకు ఒకటో రెండో కిచకిచలు వస్తే అనుమానం యాక్సిల్ క్రాస్ మీద. చప్పుడు అంతకంటే బాగా దగ్గరదగ్గరగా వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చూడండి. బ్రేకు పెడల్ మీద కాలు కాస్త ఆనించగానే ఆగిపోతే అది బ్రేకు ప్యాడ్ల చప్పుడు. వేగంతో పాటు పెరిగే ఏకధాటి గుర్రుమనే మోత వీల్ బేరింగ్‌ది.

ఈ జీపుల్లో టూ వీల్ డ్రైవ్‌లో ఉన్నా ముందు షాఫ్టులు చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటాయి, అందుకే క్రాస్ ఎప్పుడూ చప్పుడు చేయగలదు. లాకింగ్ హబ్బులున్న (చక్రాన్ని షాఫ్టు నుంచి వదిలించే ఏర్పాటున్న) బండి అయితే మీ పని సులువు. హబ్బులు ఫ్రీలో పెట్టి నడపండి. చప్పుడు పోతే క్రాస్, పోకపోతే బేరింగ్ లేదా బ్రేకు.

ఒక పొరపాటు ముందే చెప్పాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో స్టీరింగ్ చివరిదాకా తిప్పితే కొత్త క్రాస్ ఉన్న బండి కూడా కుదుపుతుంది. వంగి తిరిగే క్రాస్ బయటి షాఫ్టు వేగాన్ని చుట్టుకు రెండుసార్లు పెంచి తగ్గిస్తుంది, అది దాని స్వభావం. ఆ కుదుపు చూసి క్రాస్ కొనకండి. టక్కుమనే దెబ్బలు, లేదా టూ వీల్ డ్రైవ్‌లోనూ మలుపుల్లో స్టీరింగ్‌లో లాగుడు ఉంటే అవి పట్టించుకోవాల్సినవి.

చివరి తీర్పు చేతితోనే. ముందు భాగం లేపి యాక్సిల్ గొట్టం కింద స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకు అడ్డుచెక్కలు వేయండి, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేరు పెట్టె) టూ వీల్‌లో ఉంచండి. స్టీరింగ్ ఒకవైపుకు పూర్తిగా తిప్పితే నకిల్ వెనక క్రాస్ కనిపిస్తుంది. క్రాస్‌కు ఇరువైపులా షాఫ్టులను చెరో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టండి, పైకీ కిందికీ ఊపండి. క్రాస్ కాలికీ కప్పుకీ మధ్య కంటికి కనిపించే కదలిక ఏ మాత్రం ఉన్నా అది పోయినట్టే. రెండు షాఫ్టులూ కలిసి కాస్త కదిలితే అది డిఫరెన్షియల్ గేర్ల సందు, దానితో పనిలేదు. షాఫ్టు చెవిలో (కప్పు కూర్చునే రంధ్రం ఉన్న కొసలో) కప్పే గుండ్రంగా తిరుగుతుంటే మాత్రం విషయం వేరు: చెవి రంధ్రం పెద్దదైపోయింది. కొత్త క్రాస్ వేసినా నిలవదు, షాఫ్టే మార్చాలి.

సామాన్లు

తర్వాతి ఏళ్ల డానా 30కి పట్టే క్రాస్ స్పైసర్ 5-760ఎక్స్, పాత 5-297ఎక్స్ స్థానంలో వచ్చింది. కప్పు వ్యాసం సుమారు 30.2 మిల్లీమీటర్లు. మొదటి ఏళ్ల చెరోకీల్లో చిన్నదైన 260 సైజు ఉంటుంది కాబట్టి కొనేముందు కప్పు కొలవండి. రెండు వైపులకూ ఒక్కొక్కటి తీసుకోండి; రెండూ ఒకే వయసువి. గ్రీజు నిపుల్ లేని రకమే మేలని మా అభిప్రాయం. నిపుల్ ఉన్నదాని లోపల గ్రీజు పోయేందుకు రంధ్రాలుంటాయి, అవి బలాన్ని తగ్గిస్తాయి. రోజూ నీళ్లలో దిగే బండికి, ప్రతిసారీ గ్రీజు కొట్టే ఓపిక ఉన్నవారికి నిపుల్ రకం సరిపోతుంది.

పనిముట్లు: 36 మిల్లీమీటర్ల సాకెట్, 13 మిల్లీమీటర్ల 12 మూలల సాకెట్, టార్క్ రెంచి, గట్టి బెంచ్ వైస్, రెండు కొత్త స్ప్లిట్ పిన్నులు, తుప్పు వదిలించే నూనె. హబ్ బోల్టులకు ఆ నూనె ముందురోజే కొట్టండి.

విప్పడం

చక్రం నేల మీద ఉండగానే స్ప్లిట్ పిన్, నట్ మీది టోపీ, స్ప్రింగ్ వాషర్ తీసి, బ్రేకు తొక్కించి 36 నట్‌ను అరచుట్టు వదులు చేయండి, అంతే. ఈ నట్ బిగింపే హబ్ బేరింగ్ లోపలి రింగులను కలిపి పట్టుకుంటుంది. నట్ వదులుగా ఉన్న బండిని దొర్లిస్తే మంచి బేరింగ్ పాడవుతుంది.

బండి లేపి చక్రం తీయండి. క్యాలిపర్ విప్పి తీగతో స్ప్రింగుకు వేలాడదీయండి, బ్రేకు గొట్టం మీద బరువు పడకూడదు. డిస్క్ లాగేయండి, ఏబీఎస్ ఉంటే దాని తీగ వదిలించండి. ఇప్పుడు 36 నట్ పూర్తిగా తీసి, నకిల్ వెనక నుంచి హబ్‌ను పట్టిన 3 బోల్టులను ఓ 6 మిల్లీమీటర్లు వదులు చేయండి. ఈ పనిలో ఎక్కువ సమయం తినేది ఇక్కడే, హబ్ తుప్పుతో నకిల్‌కు అతుక్కుని ఉంటుంది. వదులైన బోల్టుల తలల మీద ఒకదాని తర్వాత ఒకటిగా కొడుతూ హబ్‌ను సమంగా బయటికి తోయండి. ఒకే బోల్టును బాదితే హబ్ అడ్డం తిరిగి మరింత బిగుస్తుంది.

హబ్ వచ్చాక షాఫ్టును తిన్నగా బయటికి లాగండి, కింద చేయి ఆసరా ఉండాలి. ఈ యాక్సిల్‌లో ఆయిల్ సీలు గొట్టం చివర కాదు, లోపల డిఫరెన్షియల్ దగ్గర ఉంటుంది. షాఫ్టు పళ్లు దాన్ని గీరితే మార్చడానికి డిఫరెన్షియల్ మొత్తం బయటికి తీయాలి. వాక్యూమ్ డిస్‌కనెక్ట్ (ఇంజిన్ వాక్యూమ్‌తో షాఫ్టును కలిపి విడదీసే ఏర్పాటు) ఉన్న నమూనాల్లో ఒకవైపు షాఫ్టు రెండు ముక్కలుగా ఉంటుంది. మధ్యలోని కాలర్ జారిపడకుండా చూసుకోండి.

క్రాస్ మార్చడం

సర్‌క్లిప్పులు చెవుల లోపలివైపు ఉంటాయి. తుప్పు గోకి, సన్నని పంచ్‌తో పక్కకు తట్టి తీయండి. వైస్‌లో ఒకవైపు కప్పు కంటే చిన్న సాకెట్, రెండోవైపు కప్పు దూరేంత పెద్ద సాకెట్ పెట్టి బిగిస్తే ఎదుటి కప్పు బయటికి వస్తుంది. దాన్ని పట్టి లాగి, తిప్పి రెండోది తీయండి. సుత్తితో చెవుల మీద బాదకండి, అవి కొద్దిగా వంగినా కొత్త క్రాస్ బిగుసుకుపోతుంది.

రంధ్రాలను వైర్ బ్రష్‌తో, సన్నని ఎమెరీతో తుప్పు పోయేదాకే రుద్దండి. కొత్త కప్పు చేతి ఒత్తిడికే జారిపోతే ఆ షాఫ్టు పనికిరాదు.

కొత్త కప్పు తెరిచి రోలర్లన్నీ నిలబడి ఉన్నాయో చూడండి. క్రాస్‌ను చెవుల మధ్య పెట్టి, కప్పును చేత్తో తిన్నగా మొదలుపెట్టి, క్రాస్ కాలును ఆ కప్పులోకి తోసి పట్టుకునే వైస్ బిగించండి. కాలు లోపల ఉంటే రోలర్లు పడిపోవు. ఈ పనిలో జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఇదే: ఒక రోలర్ పడి కప్పు అడుగున అడ్డంగా ఉంటుంది, సర్‌క్లిప్ గాడి కనిపించదు. అప్పుడు ఇంకా బలంగా బిగించకండి. విప్పి, రోలర్ నిలబెట్టి మళ్లీ మొదలుపెట్టండి.

సర్‌క్లిప్పులన్నీ గాడిలో పూర్తిగా కూర్చున్నాక చెవుల మీద రబ్బరు సుత్తితో చిన్నగా తట్టండి. క్రాస్ ఏ వైపుకైనా ఒకే బరువుతో కదలాలి. కాస్త బిగువుగా ఉంటే ఫరవాలేదు, ఎక్కడైనా పట్టేస్తే మళ్లీ చూడాలి.

తిరిగి బిగించడం

గొట్టం అంచులోని మట్టి ముందే తుడవండి, లేకపోతే షాఫ్టు దాన్ని సీలు మీదికి తోస్తుంది. షాఫ్టును ఎత్తి పట్టి లోపలికి నెట్టి, పళ్లు అందేదాకా కొద్దికొద్దిగా తిప్పండి. హబ్ ఆనే చోట యాంటీ సీజ్ (తుప్పుతో అతుక్కోకుండా రాసే పేస్టు) పలుచగా రాస్తే తర్వాతిసారి పెనుగులాట తప్పుతుంది. హబ్ బోల్టులు 102 న్యూటన్ మీటర్లకు, 36 నట్ 237కు బిగించి, చక్రం నట్లకు 115 ఇవ్వండి. 36 నట్ బిగింపు పూర్తయ్యేదాకా చక్రం మీద బరువు మోపకండి. పాత స్ప్లిట్ పిన్ మళ్లీ వాడకండి. చివరికి బ్రేకు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, బండి కదిలించేది ఆ తర్వాతే.

100 కిలోమీటర్లు తిరిగాక స్టీరింగ్ పూర్తిగా తిప్పి, టార్చి వేసి సర్‌క్లిప్పులు నాలుగూ చోటులోనే ఉన్నాయో రెండు వైపులా చూడండి. గొట్టం చివర నుంచి నూనె చుక్కలు కారుతుంటే సీలు గీరుకుంది, డిఫరెన్షియల్ ఆయిల్ మట్టం వెంటనే చూడండి.