మద్యం లేని డార్మ్ గది దొరకాలంటే

మా అబ్బాయి ఇక్కడ అమెరికాలో కాలేజీ డార్మ్‌లో (హాస్టల్లో) చేరిన మూడో వారం, శుక్రవారం అర్ధరాత్రి దాటాక ఫోను చేశాడు. గదిలో తనతోపాటు ఉండే కుర్రాడు తాగి వచ్చి చెత్తబుట్టలో, అది చాలక మావాడి చెప్పుల మీద వాంతి చేసుకున్నాడట. మావాడు దిండు చంకన పెట్టుకుని కింది లాంజ్‌లో సోఫా మీద పడుకున్నాడు. గది మార్చమంటే, మొదటి కొన్ని వారాలు మార్పులు ఉండవన్నారు. కాలేజీ పేరు ఎందుకులెండి, తప్పులో సగం నాది. దరఖాస్తులో ‘సబ్‌స్టెన్స్ ఫ్రీ’ అని ఒక గడి ఉంది. అదేదో మత్తుమందులు మాన్పించే విభాగం కాబోలు, మనకెందుకని దాటేశాను.

మేముండే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నాకు తెలిసిన తెలుగు తల్లులు చాలామంది ఇక్కడే పొరబడ్డారు. వ్యసనం నుంచి బయటపడుతున్న విద్యార్థులకు ఇచ్చేది ‘రికవరీ హౌసింగ్’. మా పక్కనున్న రట్గర్స్ విశ్వవిద్యాలయంలో అది 1988లోనే మొదలైంది. ‘సబ్‌స్టెన్స్ ఫ్రీ’ అంటే మద్యం, మత్తు జోలికే వెళ్లనివాళ్లు, కనీసం తాము పడుకునే చోట అవి వద్దనుకునేవాళ్లు కోరుకునే అంతస్తు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1989 నుంచి ఉంది. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో 2015లో ఒక మానసిక వైద్యుడు ఇలాంటిదే ప్రారంభించారు. డార్మ్‌లో మద్యం, మత్తు ఉండవని పిల్లలు ఒప్పుకుంటారు. బదులుగా వ్యాయామశాల, ధ్యానం, మెదడు ఆరోగ్యం గురించి ఒక కోర్సు ఉంటాయి. వంద మందికి పైగా విద్యార్థులతో మొదలై కొన్నేళ్లలో వెయ్యి దాటింది. కాబట్టి ఇది మన ఇళ్ల చాదస్తం మాత్రమే కాదు.

ఇరవై ఒకటి నిండనివాళ్లు తాగడం ఎలాగూ నేరమే కదా, మళ్లీ ఈ గడి దేనికని మా ఆయన అడిగారు. వయసు నిండినవాళ్లు గదిలో సీసా పెట్టుకోవడానికి చాలా కాలేజీలు ఒప్పుకుంటాయి. ఈ అంతస్తులో వాళ్లకూ కుదరదు. అంతకన్నా ముఖ్యం, పక్కగది వాళ్లు కూడా ఇదే కోరుకుని వచ్చినవాళ్లు కావడం.

కోరుకునే వచ్చారా అన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి. అమ్మాయి వంతు వచ్చినప్పుడు నేను వసతి కార్యాలయానికి ఫోను చేసి అడిగిన మొదటి ప్రశ్న అదే. సీట్లు మిగిలితే కోరనివాళ్లను కూడా ఇక్కడికి పంపుతారా? ఒకచోట ఫోనెత్తినావిడ నిజాయితీగా, పంపుతామని చెప్పింది. ఆ కాలేజీ జాబితాలో కిందికి జారింది. తరువాత, మొత్తం భవనమా, ఒక అంతస్తా, నాలుగు గదులేనా అని అడగండి. నాలుగు గదులైతే బాత్రూం ఎవరితో పంచుకుంటారో తెలుసుకోండి. బయట తాగి తూలుతూ వస్తే నిబంధన తప్పినట్టా, గదిలో తాగితేనే తప్పా? సంతకం చేసే ఒప్పందం ఏదైనా ఉందా? తప్పినవాళ్లను వేరే డార్మ్‌కు పంపేస్తారా, మందలించి వదిలేస్తారా? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే, గోడ మీద బోర్డు తప్ప అక్కడ మరేమీ లేదని నా లెక్క.

ఫోనులో తియ్యగా మాట్లాడినా కాగితం కూడా చూడండి. ప్రభుత్వ ఆర్థిక సహాయం అందుకునే కాలేజీలు క్లెరీ చట్టం ప్రకారం ఏటా అక్టోబరు 1లోగా భద్రతా నివేదిక ప్రచురించాలి. అందులో మద్యం చట్టాల ఉల్లంఘనల పట్టిక ఉంటుంది. మూడేళ్ల అంకెలు, డార్మ్‌లవి విడిగా కనిపిస్తాయి. అంకె పెద్దదని బెదిరిపోకండి. గట్టిగా పట్టుకునేచోటే ఎక్కువ కేసులు నమోదవుతాయి. వేలమంది ఉండే డార్మ్‌లలో మూడేళ్లూ సున్నాలే కనిపిస్తే నాకు అనుమానం ఎక్కువ.

ఇంకొకటి. పద్దెనిమిది నిండాక కాలేజీ మనకు పిల్లల సంగతులు మామూలుగా చెప్పదు. అయితే 1998లో ఈ విద్యార్థుల గోప్యత చట్టాన్ని మార్చారు. ఇరవై ఒకటి లోపు వాళ్లు మద్యం, మత్తు నిబంధనలు మీరితే తల్లిదండ్రులకు చెప్పవచ్చు, చెప్పి తీరాలని లేదు. మీ కాలేజీ చెబుతుందో లేదో ముందే అడగండి.

తేదీల విషయంలో నేను కఠినంగా ఉంటాను. చాలాచోట్ల కాలేజీ ఖాయం చేసుకోవడానికి గడువు మే 1. డిపాజిట్ కట్టగానే వసతి దరఖాస్తు తెరుచుకుంటుంది, ముందొచ్చినవాళ్లకు ముందు ఇచ్చే కాలేజీలూ ఉన్నాయి. జూన్‌లో ఇండియా ప్రయాణం పెట్టుకుని, వచ్చాక చూద్దామంటే అంతే సంగతులు.

గడి మాత్రం మీరు నింపకండి. నేను నింపబోతే మా అమ్మాయి లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. “అన్నయ్య చెప్పులకు పట్టిన గతి నాకూ తెలుసమ్మా, నేనే నింపుతాను” అంది. వసతి సలహాదారు ఒకరు చెప్పిందీ అదే: ఆ అంతస్తులో గొడవపడేది ఎక్కువగా అమ్మానాన్నలు తోసిన పిల్లలేనట.

మతం, విలువల ఆధారంగా నడిచే వసతులు వేరు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం దగ్గర కాథలిక్కుల న్యూమన్ హాల్ అన్ని మతాలవారినీ చేర్చుకుంటుంది. యూటాలోని బ్రిగమ్ యంగ్‌లో విశ్వవిద్యాలయం మొత్తానికీ మద్యనిషేధమే, టీ కాఫీలు కూడా కుదరవు. కాఫీ వదలలేని మా ఇంట్లో అది మొదటి రోజే జాబితాలోంచి పోయింది.

ఎం.ఎస్.కు వచ్చే పిల్లలు ఎక్కువగా బయట అపార్ట్‌మెంట్లలో ఉంటారు కాబట్టి వాళ్లకు ఈ గడులేవీ లేవు. లీజు మీద అందరూ కలిసి సంతకం చేస్తే, ఒకడు అలిగి వెళ్లిపోయినా అద్దె మిగిలినవాళ్ల మీద పడవచ్చు. అందుకే సంతకానికి ముందే మాట్లాడుకోవాలి. డల్లాస్‌లో మా అక్క కొడుకు ‘మద్యం లేని ఇల్లు’ అని ప్రకటన చూసి చేరాడు. మిగతా ముగ్గురి దృష్టిలో బీరు మద్యం కాదట. ఈసారి ఇల్లు మారినప్పుడు వాడు అడిగిన మొదటి ప్రశ్న, “ఫ్రిజ్‌లో బీరు ఉంటుందా?”