ఇంటిపేరుకు కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఉందో లేదో వెతకడం ఎలా

కోడలో అల్లుడో ఇంగ్లీషు కుటుంబం నుంచి వచ్చారు, పెళ్ళికార్డు మీద వాళ్ళ వంశ చిహ్నం వేయిద్దామనుకున్నారు, నెట్‌లో ఇంటిపేరు కొట్టగానే సింహాలతో డాలుతో ఒక రంగుల బొమ్మ వచ్చేసింది. దయచేసి దాన్ని అలాగే ప్రింటింగుకు పంపకండి. ఇంగ్లండ్‌లో కోట్ ఆఫ్ ఆర్మ్స్ (డాలు మీద వేసే వంశ చిహ్నం, క్లుప్తంగా డాలు అందాం) ఇంటిపేరుకు ఇవ్వరు, ఒక మనిషికి ఇస్తారు, ఆ తర్వాత అది ఆయన మగ సంతానం వరసలో దిగుతుంది. ఒకే ఇంటిపేరున్నా గోత్రాలు వేరైతే మనం సంబంధం కలుపుకోవడానికి వెనకాడం కదా, ఇక్కడా అంతే, పేరు కలిసిందని వంశం కలవదు. మా బంధువుల పెళ్ళిలో కార్డులు పంచాక తెలిసింది, ఆ బొమ్మ వేరే ఊళ్ళో వేరే కుటుంబానిదని. పెళ్ళికొడుకు తండ్రి ఎంత బాధపడ్డారో నాకింకా గుర్తుంది.

ముందు దొరికిన బొమ్మను మాటల్లో రాసుకోండి. అసలు విషయమంతా డాలు మీదే ఉంటుంది. డాలు పైన శిరస్త్రాణం, దాని మీద నిలబడ్డ ఆకారాన్ని క్రెస్ట్ అంటారు (మొత్తం బొమ్మనే క్రెస్ట్ అనేస్తుంటారు, ఆ మాటతో వెతికితే దారి తప్పుతారు). కుడి ఎడమలు డాలు పట్టుకున్నవాడి లెక్కలో చెప్పాలి, మనకు ఎడమ పక్క కనిపించేది అతనికి కుడి. రంగులకు పాత ఫ్రెంచి పేర్లు వాడతారు: బంగారు రంగు ఓర్, వెండి అర్జెంట్, ఎరుపు గూల్స్, నీలం అజ్యూర్, నలుపు సేబుల్, ఆకుపచ్చ వర్ట్. మొదటి రెండింటినీ లోహాలంటారు. లోహం మీద లోహం, రంగు మీద రంగు పెట్టకూడదని నియమం, ఎందుకంటే దూరం నుంచి చూసినా ఆకారం తెలియాలి. పాత పుస్తకంలోనో వెండి పళ్ళెం మీదో రంగు లేకుండా చెక్కి ఉంటే గీతలు చూడండి: చుక్కలుంటే బంగారం, ఖాళీగా వదిలితే వెండి, నిలువు గీతలు ఎరుపు, అడ్డగీతలు నీలం, నిలువూ అడ్డమూ కలిసి గళ్ళలా ఉంటే నలుపు. ఈ గీతల పద్ధతి 17వ శతాబ్దంలో స్థిరపడింది కాబట్టి అంతకుముందువాటిలో వెతక్కండి.

ఒక ఉదాహరణ పట్టుకుంటే అంతా తేలికవుతుంది. స్ట్రాట్‌ఫర్డ్‌లో చేతి తొడుగులు కుట్టే జాన్ షేక్‌స్పియర్‌కు, అంటే విలియం తండ్రికి, 1596 అక్టోబరులో డాలు మంజూరైంది. బంగారు డాలు, మనకు ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి ఏటవాలుగా నల్లపట్టీ, ఆ పట్టీ మీద వెండి మొన ఉన్న బంగారు ఈటె. క్రెస్ట్‌గా రెక్కలు విప్పి ఈటె పట్టుకున్న వెండి డేగ. ఇంగ్లీషులో స్పియర్ అంటే ఈటె కదా, పేరునే బొమ్మగా మార్చారు. ఇలా పేరును పలికే బొమ్మలు చాలా ఇళ్ళకు ఉంటాయి, కాబట్టి మీ చేతిలోని బొమ్మకూ పేరుకూ అలాంటి లంకె ఉందేమో చూడండి.

మరి ఈ రోజు షేక్‌స్పియర్ అనే ఇంటిపేరున్నవాళ్ళు ఆ డాలు వాడుకోవచ్చా? వంశవృక్షం చూడండి. విలియం ఒక్కగానొక్క కొడుకు హామ్నెట్ అదే 1596 ఆగస్టులో, 11 ఏళ్ళకే పోయాడు. తండ్రి చేతికి డాలు వచ్చేసరికి దాన్ని ముందుకు తీసుకెళ్ళాల్సిన పిల్లవాడే లేడు. తమ్ముళ్ళు ముగ్గురూ విలియం కంటే ముందే, ఆ హక్కుకు వారసులు లేకుండానే పోయారు. 1616లో విలియం పోవడంతో జాన్ మగ వరస ఆగిపోయింది. చెల్లెలు జోన్ పిల్లలు హార్ట్ అనే ఇంటిపేరుతో కొనసాగారు. అంటే రక్తం ఒక పేరులో ఉంది, డాలు మరో పేరుతో ఆగిపోయింది, నెట్‌లో ఇంటిపేరు కొట్టి వెతికేవాళ్ళకు ఇందులో ఒక్క ముక్కా దొరకదు.

కాబట్టి మీ పని కూడా మనిషితో మొదలుపెట్టండి. ఇప్పుడున్న పెద్దాయన నుంచి వెనక్కి, తండ్రి, తాత, ముత్తాత, పుట్టిన సర్టిఫికెట్లు, చర్చి రిజిస్టర్లు చూసుకుంటూ వెళ్ళండి. 1530 నుంచి 17వ శతాబ్దం చివరిదాకా హెరాల్డులనే అధికారులు కౌంటీలు తిరిగి ఎవరికి డాలు హక్కు ఉందో వంశవృక్షాలతో రాసుకున్నారు, వాటిని విజిటేషన్లంటారు, చాలావరకు అచ్చయ్యాయి. బొమ్మను బట్టి ఇల్లు వెతకాలంటే ఆర్డినరీ, పేరును బట్టి వెతకాలంటే ఆర్మరీ అనే జాబితాలు చూడాలి. చివరి మాట మాత్రం లండన్‌లోని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌దే. 1484లో మూడో రిచర్డ్ కాలంలో ఏర్పడిన సంస్థ అది, రుసుము కడితే రికార్డులు వెతికి చెబుతారు. కార్డు ప్రింటయ్యాక పడే టెన్షన్ కంటే ఆ రుసుమే నయం.

స్కాట్లాండ్‌కు విడిగా ఎడిన్‌బరోలో ఈ డాళ్ళ వ్యవహారం చూసే లార్డ్ లయన్ కోర్టుంది, 1672 నుంచి రిజిస్టరుంది, అక్కడ పక్కవాళ్ళ డాలు వాడుకోవడం నేరమే. క్లాన్ (ఒక నాయకుడి కింద ఉండే స్కాట్ వంశ సమూహం) సభ్యులైతే తమ నాయకుడి క్రెస్ట్‌ను బెల్టూ బకిలూ చుట్టిన బిళ్ళగా పెట్టుకోవచ్చు, డాలు జోలికి వెళ్ళకూడదు.

ఏమీ దొరక్కపోతే, బ్రిటన్ పౌరసత్వం ఉన్నవాళ్ళు కొత్త డాలుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఖర్చు వేల పౌండ్లలో ఉంటుంది. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళూ అడగవచ్చు, చింతా వారికి చింతకొమ్మ, వేముల వారికి వేపరెమ్మ ఎంత ముచ్చటగా ఉంటుందో ఆలోచించండి.

ఇవన్నీ దగ్గర్లో చూడాలంటే మచిలీపట్నంలో డచ్చివాళ్ళ సమాధుల తోటకు వెళ్ళండి, రాళ్ళ మీద డాళ్ళు చెక్కి ఉన్నాయి. కానీ వాటికి పైన చెప్పిన ఇంగ్లీషు లెక్క పనిచేయదు, డచ్చి దేశంలో వర్తకులు కూడా ఎవరి అనుమతీ లేకుండా తమకు తామే డాలు పెట్టుకునేవారు. అలాంటి పేరు తగిలితే ద హేగ్‌లో ఉన్న వంశావళి కేంద్రాన్ని అడగాలి. ఫొటోలు పొద్దున్నే తీయండి, ఎండ ఏటవాలుగా పడితేనే చెక్కడం లోతు తెలుస్తుంది. గీతలు బాగా కనబడాలని రాయి మీద సుద్ద మాత్రం రుద్దకండి.