చలికాలం వాకింగ్ మొదలుపెట్టే ముందు

కార్తీకం వస్తే కాలనీ పార్కుల్లో కొత్త ముఖాలు కనిపిస్తాయి. మీరూ ఆ లెక్కలో ఉంటే ముందు ఇవి చూసుకోండి.

– మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉందా? చెయ్యో దవడో లాగుతోందా? నడక ఆపి డాక్టర్‌కి చూపించుకోండి. గ్యాస్ అనుకుని సోడా తాగి సరిపెట్టుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. నడుస్తుండగా అలా అయితే అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయాలి. "ఇంకొక్క రౌండ్" అసలు వద్దు.

– షుగర్‌కి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మాత్రల లాంటివి వాడేవాళ్లు మందు వేసుకుని ఖాళీ కడుపుతో నడవకండి. షుగర్ పడిపోతే వణుకు, చెమటలు, కళ్లు తిరగడం. జేబులో గ్లూకోజ్ పొడి ఉంచుకోండి.

– బూటు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారితే గులకరాయి ఒరుసుకున్నా తెలీదు, తీరా చూస్తే పుండు.

– రోడ్డు మీదైతే కుడివైపు నడవండి, ఎదురొచ్చే బండి కనిపిస్తుంది. మంచులో నల్ల స్వెట్టర్ డ్రైవర్‌కి కనిపించదు.

– మొదటి వారం రోజుకు 15 నిమిషాలు చాలు. పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలే, అదీ మెల్లగా చేరుకోవచ్చు. తొలిరోజే గంట నడిచినవాళ్లు మడమ నొప్పితో మానేస్తారు.

– పాలప్యాకెట్‌కి బండి తీయకండి. పార్కుకి వెళ్లని రోజు ఆ నడకైనా మిగులుతుంది.

– స్మార్ట్ వాచీ తర్వాత కొనొచ్చు.