బస్టాపు చుక్క ఎక్కడుండాలి? మూడో పాఠం: ఎడమ చేతి పరీక్ష

పోయిన పాఠంలో ఓవర్‌పాస్ టర్బోతో (మ్యాపులో కావలసినవి వెతికి చూపే వెబ్‌సైటు) విశాఖ బస్టాపులన్నీ తెర మీదకు తెచ్చుకున్నాం. ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ‘హైవే=బస్_స్టాప్’ అనే ట్యాగు, అంటే అదేమిటో చెప్పే గుర్తు, ఉన్న చుక్కలవి. ఈసారి వాటిలో తప్పులు పట్టుకుందాం.

మద్దిలపాలెం నుంచి జాతీయ రహదారి వెంట మ్యాపు జరుపుకుంటూ వెళ్లండి. ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక. ఒక్కో పేరుకు ఎన్ని చుక్కలున్నాయి? ఒక్కటే ఉంటే అనుమానించాలి. హనుమంతవాక వెళ్లేవాళ్లు ఒక పక్క నిలబడతారు, ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండుకు వెళ్లేవాళ్లు డివైడర్‌కు అవతల. పేరు ఒకటే అయినా చుక్కలు రెండు కావాలి. మనకు బండ్లు నడిచేది ఎడమ పక్కన కదా, బస్సు వెళ్లే దిక్కుకు తిరిగి నిలబడితే స్టాపు ఎడమ చేతి వైపు రావాలి.

చుక్క సరిగ్గా రోడ్డు గీత మీదే కనిపిస్తే మాత్రం చెయ్యి ఆపుకోండి. ‘స్టాప్_పొజిషన్’ అని ఉంటే అది బస్సు ఆగే చోటు. ‘ప్లాట్‌ఫామ్’ అంటే మనుషులు నిలబడే చోటు. ఈ తేడా తెలియక మొదట్లో నేను మంచి చుక్కల్ని ఫుట్‌పాత్ మీదకు లాగేశాను. తర్వాత ఒక్కొక్కటే వెనక్కి పెట్టుకోవాల్సి వచ్చింది.

ఒకే పక్కన, పది పదిహేను మీటర్ల లోపు, రెండు చుక్కలుంటే బహుశా అది డూప్లికేట్. ఎవరో చేత్తో పెట్టిన చుక్క పక్కనే ఇంకెవరో జాబితా నుంచి దించిన చుక్క వచ్చి కూర్చుంటుంది. ఒకదాన్ని తీసేద్దామనిపిస్తుంది. తీసేయకండి. అది ఏదైనా బస్సు రూట్ రిలేషన్‌లో (ఒక రూటులోని స్టాపుల్నీ రోడ్లనీ కలిపి ఉంచే జాబితా) సభ్యురాలై ఉంటే ఆ రూటులో ఒక స్టాపు మాయమవుతుంది. మ్యాపు దిద్దే సాఫ్ట్‌వేర్ జేఓఎస్ఎమ్‌లో రెంటినీ ఎంచుకుని ఎమ్ నొక్కితే కలిసిపోతాయి, రూటులో సభ్యత్వం కూడా నిలుస్తుంది. రెండు ట్యాగులు గొడవపడితే ఏది ఉంచాలో అదే అడుగుతుంది.

ఇక ఫోను జీపీఎస్. ఆకాశం బాగా కనబడే చోట కూడా దాదాపు 5 మీటర్ల తేడా మామూలే. హైవే మీద ఇబ్బంది లేదు, ఏ పక్కో తెలిసిపోతుంది. పూర్ణా మార్కెట్ వైపు ఇరుకు వీధుల్లో ఆ 5 మీటర్లే చుక్కను అవతలి పక్కకు తోసేస్తాయి. అక్కడ శాటిలైట్ బొమ్మ మీద షెల్టరు గానీ మలుపు గానీ చూసి సరిచేయాలి. గూగుల్ మ్యాప్స్ తెరిచి అందులోంచి ఎత్తి పెట్టడం మాత్రం కుదరదు, లైసెన్సు ఒప్పుకోదు.

పేర్ల సంగతి వచ్చే పాఠంలో. ఒక్క మాట: ఎన్‌ఏడీ కొత్తరోడ్డును ఎవరైనా ‘న్యూ రోడ్’ అని అనువదించి పెడితే పాత పేరు తిరిగి రాసేయండి.

ఈ వారం పని: మీరు రోజూ ఎక్కే స్టాపులో నిలబడి, జనం నిజంగా ఎక్కడ ఆగుతున్నారో చూడండి. షెల్టర్ నీడలో ఎవరూ లేకుండా అందరూ ఇరవై అడుగుల అవతల నిలబడితే, బస్సు ఆగేది ఎక్కడో రెండు మూడు బస్సులు చూసి, మ్యాపులో చుక్కతో పోల్చండి.