వెనడినైట్ శుభ్రం చేసే ముందు: తడపందే రుద్దొద్దు

2010లో నైజీరియాలోని జంఫారా రాష్ట్రంలో కనీసం 400 మంది పిల్లలు సీసం విషానికి బలయ్యారు. బంగారం కోసం తెచ్చిన ముడిరాయిని ఇళ్ల దగ్గరే తడపకుండా నూరారు. ఆ రాయిలో సీసం ఖనిజాలున్నాయి. దుమ్ము నేల మీద, బట్టల మీద, పిల్లల చేతుల మీద పేరుకుంది. పదేళ్ల తర్వాత, 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఇచ్చిన నివేదికలో ఇంకో లెక్క బయటపడింది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు (100 మిల్లీలీటర్లకు) 5 మైక్రోగ్రాములో, అంతకన్నా ఎక్కువో ఉందట. ఇవి తెలిసి కూడా, సీసం ఖనిజాల్ని సేకరించేవాళ్లు రాయిని బల్ల మీద పెట్టి, పాత టూత్‌బ్రష్‌తో గీకి, నోటితో ఉఫ్ అని ఊదుతూనే ఉన్నారు.

ఎర్రటి ఆరుభుజాల స్ఫటికాలతో చూడగానే ఆకట్టుకునే సీసం ఖనిజం వెనడినైట్ విషయంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ. సీసం ధాతువు ఉన్న చోట, పై పొరలు గాలికీ నీటికీ మారిపోయిన ఆక్సీకరణ మండలంలో, ముఖ్యంగా ఎడారి ప్రాంతాల్లో ఇది పుడుతుంది. మొరాకోలోని మిబ్లాదెన్ నుంచి వచ్చే నమూనాల్లో తెల్లటి బరైట్ అనే ఖనిజం మీద పలకల్లా నిలబడి ఉంటుంది. అమెరికాలో అరిజోనా గనుల్లోనూ దొరుకుతుంది. 1801లో ఆండ్రెస్ మాన్యుయెల్ దెల్ రియో మెక్సికోలోని జిమాపాన్ నుంచి వచ్చిన ఈ ఖనిజంలోనే కొత్త మూలకం ఉందని పసిగట్టాడు. అదే వెనేడియం. కానీ మనం భయపడాల్సింది ముందుగా సీసానికి. బరువులో వెనేడియం 11 శాతం లోపే, సీసం 73 శాతం.

గట్టి స్ఫటికాన్ని చేత్తో పట్టుకుంటే ప్రమాదం లేదు, చర్మం గుండా సీసం లోపలికి దాదాపు పోదు. ప్రమాదమంతా దుమ్ముతోనే. మోహ్స్ కొలతలో దీని గట్టిదనం 3 దగ్గర, గోరుకన్నా కాస్తే ఎక్కువ. పైగా పెళుసు. పలకల పల్చటి అంచులు బ్రష్ తగిలితే చాలు, చిట్లిపోతాయి. రాయి కింద తెల్ల కాగితం పరచి చూడండి. స్ఫటికం ఎర్రగా ఉన్నా రాలిన పొడి పాలిపోయిన పసుపు రంగులో ఉంటుంది. మట్టి అనుకుని ఊదేసేది దాన్నే.

ఒక ఘన మిల్లీమీటరు వెనడినైట్ దాదాపు 7 మిల్లీగ్రాములు తూగుతుంది. అందులో సీసం 5 మిల్లీగ్రాములు, అంటే 5,000 మైక్రోగ్రాములు. పనిచేసే చోట ఎనిమిది గంటల సగటున గాలిలో ఘనమీటరుకు 50 మైక్రోగ్రాముల సీసం మించకూడదని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పరిమితి. ఆవగింజ కన్నా చిన్నదైన ఆ ముక్క మెత్తటి దుమ్మై లేస్తే 100 ఘనమీటర్ల గాలిని ఆ గీత దాకా తెస్తుంది. మామూలు గదులు రెండు మూడు కలిపితే అంత. అందుకే తడపందే రుద్దొద్దు.

శుభ్రం చేసే పద్ధతి ఇది. బల్ల మీద ప్లాస్టిక్ షీటు పరచండి. వెడల్పాటి గిన్నెలో రాయి పూర్తిగా మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోసి, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేయండి. నమూనాను దించి, బుడగలు ఆగేదాకా కదపకుండా వదిలేయండి. పగుళ్లలో గాలి మిగిలితే అక్కడి దుమ్ము ఇంకా పొడిగానే ఉన్నట్టు. తర్వాత మెత్తటి పెయింటు బ్రష్‌తో, నీటి లోపలే, అంచులకు అడ్డంగా కాకుండా పలకల వెంబడి తుడవండి. బ్రష్‌ను పైకి తీసి విదిలిస్తే తుంపరలు పడతాయి, అవి ఆరితే మళ్లీ దుమ్మే. కడిగిన రాయిని నీడలో ఆరబెట్టండి. షీటు మాత్రం ఆరకముందే తడి కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని సంచిలో మూటకట్టండి.

నమూనాను పాడుచేసేది ఆమ్లం. బరైట్ ఆమ్లంలో కరగదు, పైన పట్టిన సున్నపు ఖనిజం కాల్సైట్ కరుగుతుంది. ఈ లెక్కతో హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచుతారు. వెనడినైట్ కూడా దానికి లొంగుతుంది. మెరుపు పోయి, తెల్లటి సీసం క్లోరైడ్ పొర పడుతుంది. కొంత సీసం నీటిలో కరిగిపోతుంది కాబట్టి ఆ నీటిని వడకట్టినా లాభం లేదు. నైట్రిక్ ఆమ్లమైతే రాయినే కరిగించేస్తుంది. వెనిగర్ కూడా వద్దు. ఆక్సాలిక్ ఆమ్లం కూడా వద్దు.

మిగతావి:

పసుపు రంగు నమూనాలో ఆర్సెనిక్ ఉండొచ్చు. ఆర్సెనిక్ ఉన్న సీసం ఖనిజం మిమెటైట్, వెనడినైట్ ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి, కంటితో తేల్చలేరు.

కంప్రెసర్ గాలి కొట్టొద్దు. హెయిర్ డ్రయ్యరూ వద్దు.

అల్ట్రాసోనిక్ తొట్టిలో వేయొద్దు, స్ఫటికాలు ఊడిపోతాయి.

వేడి చేయొద్దు. ఇది తేలిగ్గా కరుగుతుంది, సీసం పొగ దుమ్ముకన్నా చెడ్డది.

కోసి సానపట్టి నగలు చేయాలనుకోవద్దు.

రాయి వేసిన నీళ్లు తాగొద్దు. ఎవరు ఏ శక్తి ఉందని చెప్పినా తాగొద్దు.

సర్జికల్ మాస్కు సీసం దుమ్మును ఆపదు. సన్నటి దుమ్మును ఆపే పీ100 ఫిల్టరున్న మాస్కు కావాలి. మాస్కు ఉంది కదా అని పొడిగా రుద్దొద్దు, మీరు వెళ్లాక ఆ గదిలోకి వచ్చేవాళ్లకు మాస్కు ఉండదు.

చీపురుతో ఊడ్వొద్దు. హెపా ఫిల్టరు లేని వాక్యూమ్ క్లీనర్ వాడొద్దు, సన్నటి దుమ్మును వెనకనుంచి గదిలోకే వదులుతుంది.

వంటగదిలో చేయొద్దు. తింటూ, సిగరెట్ తాగుతూ చేయొద్దు.

కడిగిన నీటిని రాత్రంతా తేర్చి, ఫిల్టరు కాగితంలో వడకట్టండి. అడుగు మడ్డిని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటే ఇవ్వండి. ఆ నీటిని మొక్కలకు పోయొద్దు.

చేతులు సబ్బుతో కడగండి. శానిటైజర్ సీసాన్ని తొలగించదు.

ఈ పని చేసిన బట్టలతో పిల్లల్ని ఎత్తుకోవద్దు. బట్టలు విడిగా ఉతకండి.

ఎండ పడే అల్మరాలో పెట్టొద్దు, రంగు నల్లబడుతుంది. మూత ఉన్న పెట్టెలో, పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి.

ఇప్పటిదాకా పొడిగా రుద్దుతూ వచ్చినవాళ్లు రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. ఇంట్లో పసిపిల్లలుంటే ముందు వాళ్లకు. పిల్లల్లో పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాముల దగ్గరే జాగ్రత్త పడమంటోంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ బ్రష్ ముట్టుకోవద్దు.