ద్రావణాల పాఠాన్ని పరీక్షకు చదవవలసిన తీరు

సీనియర్ ఇంటర్ రసాయనశాస్త్రంలో ద్రావణాల పాఠాన్ని సూత్రాల పట్టికతో ఆరంభించవద్దు. మొలారిటీ (లీటరు ద్రావణంలోని ద్రావితపు మోల్‌ల సంఖ్య) ద్రావణం ఘనపరిమాణంపై ఆధారపడి ఉష్ణోగ్రతతో మారుతుందనీ, మొలాలిటీ (కిలో ద్రావణిలోని ద్రావితపు మోల్‌ల సంఖ్య) ద్రావణి ద్రవ్యరాశిపై ఆధారపడుతుంది కనుక మారదనీ ముందుగా స్పష్టం చేసుకోవాలి.

ద్రవంలో వాయువు ద్రావణీయత ఆ వాయువు పీడనానికి అనులోమానుపాతంలో ఉంటుందనే హెన్రీ నియమానికి భీమవరం పరిసరాల రొయ్యల చెరువులు చక్కని ఉదాహరణ. ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ హెన్రీ స్థిరాంకం పెరిగి, నీటిలో ఆక్సిజన్ ద్రావణీయత తగ్గుతుంది. వేసవిలో ఏరియేటర్లు తిప్పడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

అసలు సమయం వెచ్చించవలసింది కణాధార ధర్మాలపైనే, అంటే ద్రావితం స్వభావంపై కాక దాని కణాల సంఖ్యపై ఆధారపడే ధర్మాలపైనే. డెల్టా వరిచేలకు వేసే యూరియానే తీసుకుందాం. దాని మోలార్ ద్రవ్యరాశి మోల్‌కు 60 గ్రాములు కనుక, 6 గ్రాములను కిలో నీటిలో కరిగిస్తే 0.1 మొలాల్ ద్రావణం వస్తుంది. దీన్ని నీటి ఘనీభవన స్థాన నిమ్నత స్థిరాంకం 1.86 K kg/molతో గుణిస్తే ఘనీభవన స్థానం 0.186 కెల్విన్‌లు తగ్గుతుంది. యూరియాకు బదులు కిలో నీటిలో 5.85 గ్రాముల ఉప్పు వేస్తే మొలాలిటీ మారకపోయినా, ఉప్పు పూర్తిగా రెండు అయాన్లుగా విడిపోతుందనుకుంటే తగ్గుదల రెట్టింపై 0.372 కెల్విన్‌లవుతుంది. తగ్గుదల ఎన్ని రెట్లయిందో చెప్పే ఈ 2 అన్న సంఖ్యే వాంట్ హాఫ్ గుణకం. ఈ రెండు లెక్కలనూ పుస్తకం మూసి, ప్రతి మెట్టులో ప్రమాణాలతో సహా రాయాలి; ప్రమాణాలు వదిలేసే అలవాటు, తెలిసిన లెక్కలో కూడా మార్కులు పోగొడుతుంది.

తీరప్రాంతపు ఊళ్లలోని ఆర్‌ఓ (రివర్స్ ఆస్మోసిస్, అంటే తిరోగామి ద్రవాభిసరణతో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే) ప్లాంటు గురించి రాసేటప్పుడు, ఉప్పునీటి వైపు ద్రవాభిసరణ పీడనాన్ని మించిన పీడనం కలిగించాలన్న వాక్యాన్ని, నీటిని పోనిచ్చి ఉప్పును ఆపే అర్ధపారగమ్య పొరను గుర్తించిన పటాన్ని తప్పక చేర్చాలి.